టికెట్ ధర దూరానికి కాదు, మన అవసరానికి



ఎండాకాలం దగ్గర పడిందంటే చాలు, మన గ్రూపులో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. మొదటిది: "అన్నా, పోయిన నెల హైదరాబాద్ టికెట్ చూస్తే ఒక ధర ఉంది, ఇవాళ చూస్తే డబల్ అయింది, ఏం జరిగింది?" రెండోది దానికి వచ్చే జవాబు: "ముందే కొనుక్కోవాలి బ్రదర్, ఆఖర్లో కొంటే అంతే మరి."

మొదటి మెసేజ్ పెట్టినవాళ్ల మీద నాకు జాలి లేదు, గౌరవం ఉంది. వాళ్లు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నా కోపమంతా ఆ రెండో మెసేజ్ మీద. అది పెట్టేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. మనవాళ్లే, మంచికే చెప్తారు. కానీ ఆ మాటలో ఒక అబద్ధం దాగుంది. సెలవు తేదీ మన చేతిలో ఉన్నట్టు, మనమే బద్ధకించి చెయ్యిజార్చుకున్నట్టు వినపడుతుంది. అది నిజం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే అసలు టికెట్ ధర ఎలా కడతారో తెలియాలి. కొంచెం ఓపిగ్గా చదవండి. డ్యూటీ అయ్యాక రూమ్‌కి పోయి చదివినా ఫర్వాలేదు.

మదనపల్లె టమోటా మార్కెట్ చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తెల్లవారుజామున ఒక రేటు, సరుకు ఎక్కువ దిగితే ఇంకో రేటు. సాయంత్రానికి మిగిలిపోయిన సరుకుకి విలువే లేదు. విమానంలో సీటు కూడా టమోటా లాంటిదే. తలుపు మూసి విమానం కదిలిన నిమిషానికి ఖాళీ సీటు ధర సున్నా. రేపు అమ్ముకుందామంటే కుదరదు. అందుకే విమాన కంపెనీకి రెండు భయాలు. సీటు ఖాళీగా పోతుందేమో అని ఒకటి. వంద దినార్లు ఇచ్చేవాడికి నలభైకి అమ్మేశామేమో అని రెండోది. ఈ రెండు భయాల మధ్య కంప్యూటర్ రోజంతా లెక్కలు వేస్తూనే ఉంటుంది.

ఆ లెక్క ఇలా ఉంటుంది. విమానంలో 180 సీట్లు ఉన్నాయనుకోండి. అన్నిటికీ ఒకే ధర పెట్టరు. వాటిని కాగితం మీద గంపలుగా విడగొడతారు. ఇప్పుడు చెప్పేవి నిజమైన ధరలు కాదు, అర్థం కావడానికి నేను వేసిన లెక్క: మొదటి 30 సీట్లు 40 దినార్లు, తర్వాత 50 సీట్లు 55, ఆపైన 60 సీట్లు 75, ఇంకో 30 సీట్లు 100, చివరి 10 సీట్లు 150. సీట్లన్నీ ఒకటే. అదే కుర్చీ, అదే గాలి, మోకాళ్లు ముందు సీటుకి తగిలే అదే ఇరుకు. కానీ చవక గంప ఖాళీ అయిన వెంటనే తర్వాతి గంప తెరుచుకుంటుంది. మీరు రాత్రి చూసి, పొద్దున కొందామనుకునేలోపు ధర పెరిగిందంటే చాలాసార్లు జరిగేది ఇదే. మీరు వెతికారని తెలిసి పెంచలేదు, మీకన్నా ముందు ఎవరో ఆ గంపలో చివరి సీటు కొనేశారు. అమ్మకాలు మందగిస్తే మూసిన గంపను మళ్లీ తెరుస్తారు కూడా. ఒక్కోసారి ధర తగ్గేది అందుకే.

ఇప్పుడు ఆ అంకెలన్నీ కూడండి. మొత్తం 12,950 దినార్లు. 180తో భాగిస్తే సీటుకి సగటున 72. అంటే 40కి కొన్నవాడు సగటు కన్నా 32 దినార్లు తక్కువ కట్టాడు, 150కి కొన్నవాడు 78 ఎక్కువ కట్టాడు. ఒకడి చవక టికెట్‌కి పూచీ ఇంకొకడి ఖరీదు టికెట్. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే కప్పు నూడుల్స్ తింటుంటారు.

మరి 40కి కొన్నవాడు ఎవరు, 150కి కొన్నవాడు ఎవరు? నా గొడవంతా ఈ ప్రశ్న దగ్గరే.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టలేదు. అమెరికాలో 1978లో విమాన ధరల మీద ప్రభుత్వ అదుపు తీసేశారు. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక విమాన కంపెనీ వచ్చి పాత కంపెనీలకు చెమటలు పట్టించింది. అప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌ను నడిపించిన రాబర్ట్ క్రాండల్ అనే ఆయన 1985లో ఒక ఎత్తు వేశాడు. చాలా ముందుగా కొనేవాళ్లకి చవక సీట్లు కొన్ని ఇచ్చి, మిగతా సీట్లు ఆఖర్లో వచ్చేవాళ్ల కోసం పాత ధరకే అట్టిపెట్టాడు. దాదాపు రెండేళ్లలో పీపుల్ ఎక్స్‌ప్రెస్ కనబడకుండా పోయింది. ఆ లెక్కే ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది.

ఆ లెక్క వెనక ఒక నమ్మకం ఉంది. ముందుగా కొనేవాడు సెలవులకి తిరగడానికి పోయే మామూలు మనిషి, అతని దగ్గర డబ్బు తక్కువ, టైం ఎక్కువ. ఆఖర్లో కొనేవాడు సూటు వేసుకున్న వ్యాపారి, రేపు మీటింగ్ ఉంది, టికెట్ డబ్బులు అతని కంపెనీ కడుతుంది. కాబట్టి అతని దగ్గర ఎంత లాగినా తప్పు లేదు. అమెరికాలో, ఆ రోజుల్లో, ఇది కొంతవరకు నిజమే అయ్యుండొచ్చు.

కువైట్ నుంచి హైదరాబాద్ పోయే విమానం ఎక్కి ఒకసారి అటూ ఇటూ చూడండి. ఆర్నెల్ల ముందే టికెట్ కొన్నవాడు ఎవరు? ఆఫీసులో పనిచేసే మేనేజరు. పిల్లల స్కూల్ క్యాలెండర్ ఆయన ఫోన్లో ఉంటుంది, సెలవు ఖాయం, బ్యాంకు కార్డు జేబులో ఉంది. ఆఖర్లో కొన్నవాడు ఎవరు? రాజంపేట దగ్గర పల్లెలో తల్లి ఐసీయూలో ఉందని ఫోన్ వచ్చిన మేస్త్రీ. కఫీల్ ఇవాళ సరే అని రేపు కాదన్న డ్రైవరు. రెండేళ్ల కాంట్రాక్టు అయిపోయినా "ఇంకో నెల ఉండు" అని మామా ఆపేసిన అక్క. క్రాండల్ గారి లెక్కలో సూటు వేసుకున్న వ్యాపారి కూర్చోవాల్సిన కుర్చీలో మన మేస్త్రీ కూర్చున్నాడు. కంప్యూటర్‌కి తేడా తెలియదు. ఆఖర్లో వచ్చాడంటే డబ్బున్నవాడే అనుకుంటుంది.

"ముందే కొనుక్కో" అనే అన్నకి నేను చెప్పేది ఇదే. కువైట్ ప్రైవేటు రంగం కార్మిక చట్టం, 2010లో వచ్చిన 6వ నంబరు చట్టం, మనకి ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. మంచిదే. కానీ ఆ సెలవు ఎప్పుడు తీసుకోవాలో నిర్ణయించే హక్కు యజమానికి ఇచ్చింది. దాని మీద 2025 జూలై 1 నుంచి 18వ నంబరు అకామా వాళ్లకి, అంటే మనం షూన్ అని పిలుచుకునే వీసా వాళ్లకి, దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. సహెల్ యాప్‌లో మనం అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి. మందూబ్ సెలవులో ఉన్నాడనో, ముదీర్ చూడలేదనో, సైట్లో పని మిగిలిందనో రోజులు గడుస్తాయి. పర్మిట్ రాకుండా టికెట్ కొంటే డబ్బు పోతుందని భయం. వచ్చాక కొంటే ధర ఆకాశంలో ఉంటుంది. తాళం చెవి యజమాని దగ్గర, జరిమానా మన దగ్గర.

చావు మాట చెప్పాలంటే నోరు రాదు గానీ చెప్పాలి. దగ్గరి బంధువు చనిపోతే అదే చట్టం జీతంతో 3 రోజుల సెలవు ఇస్తుంది. విమానం నాలుగున్నర, ఐదు గంటలు. విమానాశ్రయం నుంచి ఊరికి ఇంకో రాత్రి. ఆ మనిషి టికెట్ ముందే ఎలా కొంటాడు? అమ్మ ఎప్పుడు పోతుందో క్యాలెండర్‌లో రాసుకుంటాడా? 150 దినార్ల గంప అలాంటివాడి కోసమే తెరిచి ఉంటుంది. కెనడాలో ఎయిర్ కెనడా లాంటి కంపెనీలు దగ్గరివాళ్లు పోయినప్పుడు ప్రయాణం చేసేవాళ్లకి తగ్గింపు ధర ఇస్తాయి. రుజువు కాగితం చూపిస్తే చాలు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? ఇక్కడ అడిగేవాడు లేడు గనక.

ఇక తేదీల సంగతి. ఆషాఢంలో మన ఊళ్లో పెళ్లిళ్లు ఉండవు, పండగలూ పెద్దగా ఉండవు. అయినా ఆ రోజుల్లోనే టికెట్ మండిపోతుంది. కారణం మన పంచాంగం కాదు, ఇక్కడి స్కూళ్లు. జూన్‌లో ఇండియన్ స్కూళ్లు మూయగానే కుటుంబాలతో ఉన్నవాళ్లంతా ఒకేసారి బయల్దేరతారు, వాళ్లకి నలుగురికి నాలుగు సీట్లు కావాలి. ఇక్కడి నుంచి పోయే విమానం కిక్కిరిసి ఉంటుంది, అక్కడి నుంచి తిరిగి వచ్చే విమానం సగం ఖాళీ. ఆగస్టు చివర్లో తారుమారు. విమానం ఖాళీగా వచ్చినా పెట్రోలు తాగుతుంది, పైలట్ జీతం తీసుకుంటాడు. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా నిండు ప్రయాణం వాళ్ల మీదే వేస్తారు. ఈ విషయంలో కంపెనీల మాటలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రి పోయే ప్రైవేటు ట్రావెల్స్ వాడు చెప్పేదీ ఇదే మాట, కాకపోతే వాడు ఇంకా మొరటుగా చెప్తాడు.

రంజాన్, బక్రీద్ సెలవులు ప్రతి ఏడాదీ 10, 11 రోజులు ముందుకి జరుగుతుంటాయి కాబట్టి పోయినేడాది చవగ్గా ఉన్న వారం ఈ ఏడాది ఉండకపోవచ్చు. "పోయినసారి ఇదే తేదీకి తక్కువకే వచ్చానే" అని కొందరు అంటుంటారు. తేదీ అదే, పండగ మారింది.

ఒకే రోజు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ అంత తేడా ఎందుకన్నది మరో ప్రశ్న. చవక విమానం అని పేరున్న కంపెనీ చూపించే ధరలో చాలాసార్లు కుర్చీ మాత్రమే ఉంటుంది. లగేజీ వేరు, తిండి వేరు, సీటు ఎంచుకోవడం వేరు, తేదీ మార్చాలంటే ఇంకో వాత. మనం ఊరికి పోయేది చేతులూపుకుంటూ కాదు కదా. దుప్పటి, ట్యాంగ్ డబ్బాలు, పిల్లలకి చాక్లెట్లు, బావమరిదికి సెంటు సీసా. 30 కిలోలు లేకుండా మనవాడు కదలడు. కాబట్టి రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు 30 కిలోల లగేజీ కలిపి పోల్చండి. పైకి 15 దినార్లు తక్కువ కనబడింది విమానాశ్రయం కౌంటర్ దగ్గర 20 దినార్లు ఎక్కువ అవుతుంది. అక్కడ అధిక బరువుకి కట్టే రేటు ముందుగా ఆన్‌లైన్‌లో కట్టే రేటు కన్నా చాలా ఎక్కువ.

నేరుగా పోయే విమానం కన్నా షార్జా మీదుగానో, కొలంబో మీదుగానో, మస్కట్ మీదుగానో చుట్టు తిరిగి పోయేది చవగ్గా ఉండటం చూసే ఉంటారు. దూరం ఎక్కువ, పెట్రోలు ఎక్కువ, ధర మాత్రం తక్కువ. ఇదొక్కటి చాలు ధర దూరాన్ని బట్టి ఉండదని చెప్పడానికి. నేరుగా పోయే కంపెనీకి తెలుసు, అలసిపోయిన మనిషి ఐదు గంటల్లో ఇంటికి చేరడానికి ఎక్కువ ఇస్తాడని. చుట్టు తిప్పే కంపెనీకీ తెలుసు, ధర తగ్గిస్తే తప్ప నువ్వు రావని. ఓపిక ఉంటే చుట్టు విమానం తప్పేం కాదు. కానీ మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. ముంబై వరకు ఒక టికెట్, అక్కడి నుంచి హైదరాబాద్‌కి వేరే టికెట్ అని ఎవరైనా చవగ్గా అంటగడితే జాగ్రత్త. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత లేదు. పైగా ముంబైలోనే సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ చెకిన్ చేసుకోవాలి.

ఇంత పోటీ ఉన్నా ధర ఎందుకు దిగదంటే, సీట్లకే కోటా ఉంది కాబట్టి. ఇది చాలామందికి తెలియదు. ఏ దేశం విమానాలు వారానికి ఎన్ని సీట్లు నడపొచ్చో రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. ఇండియా, కువైట్ మధ్య ఏళ్ల తరబడి ఆ లెక్క ఒక్కో వైపు వారానికి 12,000 సీట్లే. 2025 జూలైలో దాన్ని 18,000 చేశారు. ఇక్కడ ఉన్న భారతీయులు దాదాపు 10 లక్షలు. ఏడాది మొత్తం మీద పంచితే ఆ సీట్లు సరిపోయినట్టే కనబడతాయి. కానీ జనం ఏడాదంతా సమంగా పోరు, ఎండాకాలం ఆ కొద్ది వారాల్లోనే పోతారు. ఆ సీట్లలో కేరళకి, ముంబైకి, ఢిల్లీకి, చెన్నైకి పోగా మన వాటా ఎంత? విదేశీ కంపెనీ మన దేశంలో ఏ ఊళ్లో దిగొచ్చో కూడా ఒప్పందంలోనే ఉంటుంది. అది అడగని ఊళ్లో విమానం దిగదు.

కడప జిల్లా నుంచి, అన్నమయ్య జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి వచ్చినవాళ్లు ఎంతమందో మాలియా వీధుల్లో శుక్రవారం నిలబడితే తెలుస్తుంది. కడపలో గల్ఫ్ విమానం దిగదు. రైల్వే కోడూరు మనిషి చెన్నైలో దిగి బస్సెక్కుతాడు, అమలాపురం మనిషి హైదరాబాద్‌లో దిగి రాత్రంతా కూర్చుని పోతాడు. విజయవాడ నుంచి షార్జాకి 2022లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సర్వీసు మొదలైతే మనవాళ్లు ఎంత సంబరపడ్డారో గుర్తుందా? ఒక్క విమానానికి అంత సంబరం ఎందుకంటే, అంత కరువు కాబట్టి.

ఆ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కథ కూడా చెప్పుకోవాలి. 2005 ఏప్రిల్‌లో తిరువనంతపురం నుంచి అబుదాబికి దాని మొదటి విమానం ఎగిరింది. గల్ఫ్ కార్మికులకి చవక ప్రయాణం కావాలని కేరళ వాళ్లు గట్టిగా అడగ్గా అడగ్గా ప్రభుత్వ కంపెనీయే దాన్ని పెట్టింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియాతో పాటు అది కూడా టాటాల చేతికి పోయింది. ప్రైవేటు కంపెనీ లాభం చూసుకుంటుంది, అది దాని పని. కార్మికుడి కోసం అని మొదలైన విమానం ఇప్పుడు మిగతా అందరి గంపల లెక్కే వేస్తే, కార్మికుడి సంగతి చూసే పని ఎవరిది? ప్రభుత్వానిది. ఆ పని మాత్రం ఎవరూ కొనలేదు, అమ్మలేదు. అది ఢిల్లీలోనే ఉండాలి.

ఢిల్లీని అడిగితే పార్లమెంటులో ఏళ్లుగా ఒకే జవాబు వస్తోంది. 1994 నుంచి విమాన ధరల మీద అదుపు లేదు, ధర మార్కెట్ నిర్ణయిస్తుంది. సరే. మరి 1937 నాటి విమాన నిబంధనల్లో 135వ నిబంధన ఏం చెప్తోంది? నడిపే ఖర్చు, సేవ తీరు, సముచితమైన లాభం, నడుస్తున్న ధరలు చూసుకుని కంపెనీ ధర పెట్టుకోవాలని చెప్తోంది. ధర మితిమీరిందని తోస్తే డీజీసీఏ ఆదేశం ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. సముచితం అనే మాట కాగితం మీద ఉంది. దాని అర్థం ఏంటో తేల్చేవాళ్లే లేరు.

చేతకాదా అంటే, చేతనవును. 2020 మేలో కరోనా తర్వాత విమానాలు మళ్లీ మొదలైనప్పుడు దేశంలోపల ప్రయాణాలకి కింది ధర, పై ధర ప్రభుత్వమే పెట్టింది, 2022 ఆగస్టు చివరి దాకా నడిపింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వందల్లో రద్దయి విమానాశ్రయాలు సంతల్లా తయారైనప్పుడు ఒక్కరోజులో పరిమితి పెట్టారు: 500 కిలోమీటర్ల దాకా 7,500 రూపాయలు, ఎంత దూరమైనా 18,000 దాటకూడదు, పన్నులు వేరే. మార్కెట్ ఎక్కడికి పోయింది ఆ రోజు? ఢిల్లీ, బెంగళూరు విమానాశ్రయాల్లో ఇరుక్కున్నవాళ్లు టీవీల్లో కనబడ్డారు, ప్రభుత్వం కదిలింది. మన బాధ టీవీలో కనబడదు. జలీబ్‌లో, మహబూలాలో గదిలో కూర్చుని ఫోన్లో ధర చూసి, ఫోన్ బోర్లా పెట్టి పడుకునేవాడిని ఏ కెమెరా తీస్తుంది?

పరిమితి పెడితే కంపెనీలు విమానాలు తీసేస్తాయి, అప్పుడు అసలుకే మోసం అని కొందరు చదువుకున్నవాళ్లు అంటారు. ఆ మాట కొట్టిపారేయను. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. ఒక కంపెనీ మూతపడ్డ ప్రతిసారీ సీట్లు తగ్గి మనమే ఎక్కువ కట్టాం. కాబట్టి అన్ని సీట్లూ చవగ్గా ఇమ్మని ఎవరూ అడగడం లేదు. నా లెక్కలోని ఆ చివరి గంప, 150 దినార్ల గంప, దానికి ఒక మూత పెట్టమని అడుగుతున్నాం. 10 సీట్లకి 150 బదులు 110 పెడితే 400 దినార్లు తగ్గుతాయి. అది 40కి కొన్న 30 మంది మీద వేస్తే ఒక్కొక్కరికి 13 దినార్లు పైచిలుకు. మేనేజరు గారు భరించగలరు.

2023లో కేరళ ముఖ్యమంత్రి పినరయి విజయన్ గల్ఫ్ విమాన ధరల మీద నేరుగా ప్రధానికి ఉత్తరం రాశారు. కేరళ ఎంపీలు పార్లమెంటులో ఈ మాట ఎత్తని సమావేశం తక్కువ. మన రెండు రాష్ట్రాల నాయకులు గల్ఫ్‌కి వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, ఫొటోలు దిగుతారు. టికెట్ ధర గురించి అంత గట్టి మాట నా చెవిన పడలేదు. మనం అడగలేదు గనక వాళ్లు ఎత్తలేదు, అంతకన్నా కారణం లేదు.

కంపెనీల పాపం కూడా కొంత ఉంది, ఇక్కడి కంపెనీల సంగతి చెప్తున్నా. కాంట్రాక్టులో టికెట్ యజమానే ఇవ్వాలని రాసి ఉంటుంది. కొన్ని కంపెనీలు టికెట్ ఇవ్వకుండా ఎప్పుడో పెట్టుకున్న ఒక మొత్తం చేతిలో పెట్టి "నువ్వే కొనుక్కో" అంటాయి. జూన్ నెలాఖరులో సెలవిచ్చి, ఫిబ్రవరి ధర ఇస్తే మిగతాది ఎవరు కట్టాలి? కాంట్రాక్టులో టికెట్ అని రాసుంటే టికెట్ అడగండి, డబ్బు కాదు. ఎప్పుడు పంపాలో వాళ్లు నిర్ణయిస్తారు కాబట్టి ఆ రోజు ధర కూడా వాళ్లకే తగలాలి. అప్పుడు చూడండి, సెలవు కాగితం రెండు నెలల ముందే ఎంత చక్కగా వస్తుందో.

ఏజెంట్ల గురించి రెండు ముక్కలు. పెద్ద ఏజెంట్లు రద్దీ తేదీలకి సీట్లు గుత్తగా ముందే తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో లేని ధర ఒక్కోసారి వాళ్ల దగ్గర దొరికేది అందుకే. కాబట్టి ఏజెంట్ అంటేనే మోసం అనుకోవద్దు, రెండు చోట్లా చూడండి. కానీ డబ్బు ఇచ్చాక పీఎన్ఆర్ తీసుకుని, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ పేరు, తేదీ, లగేజీ అక్కడికక్కడే చూసుకోండి. టికెట్ రద్దు చేసుకుంటే ఏమీ రాదని చెప్పేవాళ్లని నమ్మొద్దు. భారతీయ కంపెనీలు ఎంత "నాన్ రిఫండబుల్" టికెట్ అయినా విమానాశ్రయం ఫీజులు, ప్రభుత్వ పన్నులు తిరిగివ్వాలని డీజీసీఏ నియమం. ఏజెంట్ ద్వారా కొన్నా ఆ బాధ్యత విమాన కంపెనీదే.

ఇంకో చిన్న కిటుకు, గంపల లెక్క తెలిసింది కాబట్టి చెప్తున్నా. నలుగురు కలిసి పోతుంటే నలుగురికీ ఒకేసారి వెతకొద్దు. చవక గంపలో రెండే సీట్లు మిగిలుంటే కంప్యూటర్ నలుగురికీ పై గంప ధర చూపిస్తుంది. ముందు ఒక్కరికి వెతికి, తర్వాత ఇద్దరికి, అలా చూడండి. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అనే మెసేజ్ మాత్రం ఇక ఫార్వర్డ్ చేయకండి, దయచేసి. కంప్యూటర్‌కి మంగళవారం, బుధవారం ఉండవు. మీరు కొనే రోజు కన్నా మీరు ఎగిరే రోజు ముఖ్యం. గురువారం రాత్రికీ, వారం మధ్యకీ తేడా చూడండి. హైదరాబాద్‌తో పాటు చెన్నై, బెంగళూరు కూడా చూడండి, మన రాయలసీమ వాళ్లు ముఖ్యంగా.

నిజంగా చేతిలో డబ్బు లేక, కేసుల్లోనో జబ్బులోనో ఇరుక్కుని ఊరికి పోలేనివాళ్లకి ఎంబసీ దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, 2009 నుంచి ఉంది. ఆపదలో ఉన్నవాళ్లకి టికెట్, చనిపోయినవాళ్ల మృతదేహం పంపే ఖర్చు దాని నుంచి ఇవ్వొచ్చు. సిగ్గుపడి అప్పు చేయకండి. అది దానం కాదు, మనం పాస్‌పోర్టు, వీసా పనులకి కట్టే ఫీజుల మీద వేసిన చిన్న చిన్న మొత్తాలతోనే ఆ నిధి నిండుతుంది.

ఇప్పుడు మీ నుంచి కావాల్సింది. మన సంఘం తరఫున ఎంబసీకి, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకి, మన ఎంపీలకి ఉత్తరం రాస్తున్నాం. అడిగేవి ఇవే: రద్దీ వారాల్లో గల్ఫ్ మార్గాలకి పై ధర పరిమితి, దగ్గరివాళ్లు చనిపోయినప్పుడు తగ్గింపు టికెట్, విజయవాడకి, తిరుపతికి గల్ఫ్ విమానాలు, కొత్తగా వచ్చిన కువైట్ సీట్లలో తెలుగు ఊళ్లకి వాటా. ఉత్తరానికి బలం కావాలంటే కన్నీళ్లు చాలవు, లెక్కలు కావాలి. గత రెండేళ్లలో మీరు కొన్న టికెట్ల వివరాలు పంపండి. టికెట్ కొన్న తేదీ, ప్రయాణం తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని దినార్లు, లగేజీ ఎన్ని కిలోలు, సెలవు కాగితం లేదా ఎగ్జిట్ పర్మిట్ ఏ రోజు చేతికి వచ్చింది. ఈ చివరిది మర్చిపోవద్దు, అన్నిటికన్నా ముఖ్యం అదే. పర్మిట్ వచ్చిన రోజుకీ, టికెట్ కొన్న రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూపిస్తే "ముందే కొనుక్కోవాల్సింది" అనేవాళ్లకి వేరే జవాబు అక్కర్లేదు.

పేరు, సివిల్ ఐడీ నంబరు, పాస్‌పోర్టు నంబరు పంపకండి, అవసరం లేదు. టికెట్ ఫొటో పంపేవాళ్లు వాటి మీద వేలు పెట్టి తీయండి, లేదా చెరిపి పంపండి. రాయడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెట్టండి, మేమే రాసుకుంటాం. ఇళ్లల్లో పనిచేసే అక్కలు గ్రూపులో పెట్టడానికి ఇబ్బంది అనుకుంటే మన మహిళా సభ్యులకి విడిగా పంపండి. వచ్చే శుక్రవారం రాత్రి వరకు తీసుకుంటాం.